కొత్త మోటారు సైకిలు – మచ్చిక కాలం

కళాశాలల ఆవరణలలో సైకిళ్ళు వరుసలు తీరి నిలిచిన రోజులు గడిచిపోయినవి. ఆ చోటంతా నేడు మోటారు సైకిళ్ళతో నిండి ఉన్నది. ఈ మార్పును చూచి కాలం చెడిపోయినదని నిట్టూర్చేవారు కొందరు, ఇది అభివృద్ధి అని సంతోషించేవారు కొందరు. ఈ రెండు పక్షాలలో దేనినీ సమర్థించడానికి మేము ఈ వ్యాసం వ్రాయడం లేదు. బండి వచ్చినది, అది ఇక మరలిపోదు. కోడుమూరు నుండి, నందికొట్కూరు నుండి, వెల్దుర్తి నుండి ప్రతిదినం కర్నూలుకు వచ్చి చదువుకొనే విద్యార్థికి అది విలాసం కాదు, అవసరం. మేము చెప్పదలచినది వేరొక మాట. బండి ఇంటికి వచ్చిన నాటికి, అది మన చేతికి, కాలికి, కంటికి పూర్తిగా మచ్చికయ్యే నాటికి నడుమ కొంత కాలం ఉన్నది. ఆ కాలాన్ని మనం వేడుకగా చూస్తున్నామే కాని విద్యాభ్యాసంగా చూడడం లేదు. మా ఆవేదన అంతా ఇదే.

కొత్త బండి కొనగానే ఒకరు దర్గా వద్ద ఫాతెహా ఇప్పిస్తారు. ఒకరు ఆంజనేయస్వామి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. రెండింటి ఆంతర్యం ఒక్కటే: బండి ఎక్కిన బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాలి. ఆ ప్రార్థనకు తోడుగా మనిషి చేయవలసిన ప్రయత్నం ఏమిటన్నదే మా ప్రశ్న.

ఇంజను విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం అందరికీ తెలుసు. కొత్త ఇంజనులో పిస్టను రింగులు, సిలిండరు గోడ ఒకదానితో ఒకటి ఇంకా సర్దుకొని ఉండవు. అందుచేత కంపెనీ వారు ఇచ్చిన పుస్తకంలో చెప్పిన దూరం వరకు వేగం మితంగా ఉంచాలని, చాలాసేపు ఒకే వేగంతో పోరాదని, బరువు మోయించి ఇంజనును శ్రమపెట్టరాదని, మొదటి సర్వీసు తప్పక చేయించి ఆయిలు మార్పించాలని షెడ్డులోని ఉస్తాద్ మొదలు అమ్మిన దుకాణదారు వరకు అందరూ చెబుతారు. రింగులు ఒరుసుకొన్నప్పుడు రాలిన సన్నని లోహపు పొడి ఆ పాత ఆయిలుతో పాటు బయటకు పోతుంది. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది. కొంత దూరం తిరిగిన తరువాతనే అది రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. కొత్త బ్రేకు ప్యాడ్లు కూడ డిస్కుతో సర్దుకొనడానికి కొంత సమయం తీసుకుంటాయి. దీనినే మనం రన్నింగ్-ఇన్ అంటున్నాము. తండ్రి కొడుకుతో, అన్న తమ్మునితో, “ఇంకా రన్నింగ్-ఇన్ కాలేదు, మెల్లగా నడుపు” అని అంటాడు. ఆ మాటలోని శ్రద్ధ యంత్రం మీదిది. నడిపేవాని చేతులకు కూడ రన్నింగ్-ఇన్ కాలేదన్న సంగతి ఎవరికీ తోచదు. ఉక్కుకు ఇచ్చిన వ్యవధిని మనిషికి ఇవ్వకపోవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

కొత్త బండి ఎక్కిన మొదటిరోజు ఎవరికైనా కొంత భయం ఉంటుంది. ఆ భయం మేలు చేస్తుంది. అది వేగాన్ని తగ్గిస్తుంది, కంటిని రోడ్డు మీద నిలుపుతుంది, ముందుపోయే బస్సుకు దూరంగా ఉంచుతుంది. కాని అది ఎక్కువ రోజులు నిలువదు. పది పదిహేను రోజులు ఏ ఆపదా లేకుండా గడిస్తే ఆ భయం దానంతట అదే వెళ్ళిపోతుంది. నేర్పు అంత త్వరగా రాదు. నేర్పు రావడానికి నెలలు పడుతుంది. ఎండలోను, వానలోను, చీకటిలోను, ఒంటరిగాను, వెనుక మనిషి ఉన్నప్పుడును నడిపి ఉండాలి. భయం పోయిన దినానికి, నేర్పు వచ్చే దినానికి నడుమ ఉన్న ఎడమే అన్నింటికంటె ప్రమాదకరమైన కాలం. “కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు” అన్న సామెత ఈ దశకు సరిగ్గా సరిపోతుంది. బండి ఉన్నదన్న ఉత్సాహంతో పని ఉన్నా లేకున్నా రాజవిహార్ నుండి సీ క్యాంపుకు, సీ క్యాంపు నుండి నంద్యాల చెక్‌పోస్టుకు తిరిగే మిత్రులను మనం చూస్తూనే ఉన్నాము. వారికి బండి పరిచయమైనది. ఇంకా అలవాటు కాలేదు. పరిచయానికి, అలవాటుకు ఉన్న భేదాన్ని గుర్తించడమే వివేకం.

“నాకు బండి కొత్త కాదు, అయిదేండ్ల నుండి స్కూటరు నడుపుతున్నాను” అని కొందరు అనవచ్చు. ఈ వాదాన్ని కొంచెం జాగ్రత్తగా పరిశీలించాలి. గేర్లు లేని స్కూటరులో ఎడమచేతి కింద ఉన్న లివరు బ్రేకు. మోటారు సైకిలులో అదే ఎడమచేతి కింద ఉన్న లివరు క్లచ్. స్కూటరుకు అలవాటుపడిన చేయి ఆపద సమయంలో ఆలోచించదు. తనకు తెలిసిన లివరును బలంగా నొక్కుతుంది. మోటారు సైకిలు మీద అలా నొక్కినప్పుడు బండి ఆగదు సరికదా, ఇంజను పట్టు కూడ వదలిపోయి జారినట్లు ముందుకే సాగుతుంది. దీనికి వ్యతిరేకంగా, మోటారు సైకిలుకు అలవాటుపడినవారు ఇంట్లోని స్కూటరు ఎక్కితే ఆపద సమయంలో కుడికాలు బ్రేకు కోసం వెదకి ఉత్త పలకను తొక్కుతుంది. గేర్ల అమరిక కూడ అన్నింటికీ ఒకటి కాదు. కొన్నింటిలో గేర్లన్నీ ఒకే వైపుకు తొక్కవలసినవి; మరికొన్నింటిలో మొదటిది కిందికి, తక్కినవి పైకి. బరువు సంగతి చెప్పనవసరం లేదు: 100 సీసీ బండి సుమారు 110 కిలోలు ఉంటే, 350 సీసీ బండి 180 కిలోలకు పైగానే ఉంటుంది. విద్యుత్తుతో నడిచే బండి మరొక తీరు. ఇంజను శబ్దం వినపడదు కాబట్టి వేగం చెవికి తెలియదు. కనుక పాత అనుభవం మనకు రోడ్డును నేర్పుతుందే కాని కొత్త బండిని నేర్పదు. ఒక్కొక్కప్పుడు పాత అలవాటే కొత్త బండికి శత్రువవుతుంది.

ఈ చిక్కు నేటిది కాదు. 1885లో జర్మనీలో డైమ్లర్, మేబాక్ తయారుచేసిన మొట్టమొదటి పెట్రోలు బండికి కొయ్య చట్రంతో పాటు రెండు పక్కల రెండు చిన్న ఆసరా చక్రాలు కూడ ఉండేవి. నిర్మించినవారే సమతౌల్యాన్ని తొలినాడే నమ్ముకోలేదన్నమాట. మన దేశంలో 1955లో మద్రాసులో తయారీ ఆరంభమైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు చాలా కాలం గేరు కుడికాలి వద్ద, బ్రేకు ఎడమకాలి వద్ద ఉండేవి. 1961 నుండి మైసూరులో తయారైన జావాలో కిక్కు కొట్టే కడ్డీయే గేరు కడ్డీగా కూడ పనిచేసేది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌లో గేరు ఎడమచేతి పిడిలో ఉండి క్లచ్‌తో కలిసి తిరిగేది. ఒక ఇంటిలో తాతగారు బుల్లెట్ మీద, తండ్రిగారు చేతక్ మీద, కుమారుడు నేటి మోటారు సైకిలు మీద నేర్చుకొన్నారనుకుందాము. ముగ్గురి కాళ్ళకు, చేతులకు మూడు వేరువేరు పాఠాలు. తండ్రి అనుభవం కుమారునికి ఆస్తిగా సంక్రమించదు. ఎవరి మష్క్ వారిదే.

ఈ సందర్భంలో విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడాలని మా కోరిక. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క క్షణంలో, అనగా ఒక సెకనులో, దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట గేదె కనబడినది మొదలు బ్రేకు మీద చేయి బిగిసే వరకు మామూలుగా ఒక సెకను పడుతుందనుకుందాము. బండి అప్పటికే 17 మీటర్లు పోయినది. బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, మరొక 20 మీటర్లకు పైగా పోయిన తరువాత కాని అది ఆగదు. ఇక కొత్తవాని సంగతి చూడండి. ఏ లివరు నొక్కాలో, ఎంత నొక్కాలో తెలియక అతడు అర సెకను తడబడితే బండి మరొక 8 మీటర్లు అధికంగా పోతుంది. ఎనిమిది మీటర్లంటే ఒక లారీ పొడవు. ప్రాణానికి, ప్రాణాపాయానికి మధ్య అంతకంటె తక్కువ దూరం ఉండడం కూడ సాధ్యమే. వేగం రెట్టింపయితే బ్రేకు పడిన తరువాత పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఈ సూత్రాన్ని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థే సాయంకాలం దానిని మరచి హ్యాండిలు పట్టడం విచారకరం.

మన కళాశాలలో రెండు భాషలవారమూ ఉన్నాము. నేర్చుకోవడం అంటే ఏమిటో రెండు భాషలూ మనకు చక్కగా చెప్పినవి. తెలుగింటి పిల్లవానికి అక్షరాభ్యాసం నాడు పెద్దలు పలక మీద వ్రాసిన అక్షరం మీదనే మరల మరల బలపం పట్టించి దిద్దిస్తారు. ఉర్దూలో అందమైన వ్రాత నేర్చేవారు తఖ్తీ మీద ఒక్కొక్క హర్ఫ్‌ను మష్క్ చేస్తారు. ఒక అక్షరం కుదిరిన తరువాతనే ఉస్తాద్ మరొక అక్షరానికి అనుమతి ఇస్తాడు. దిద్దడమన్నా, మష్క్ అన్నా అర్థం ఒకటే: చేయి ఆలోచన లేకుండానే సరైన పని చేసే వరకు చిన్న పనిని పదేపదే చేయడం. మోటారు షెడ్డులో చేరిన కుర్రవాడు కూడ మొదటిరోజే ఇంజను విప్పడు. పనిముట్లు తుడిచి, అందించి, చూచి, ఆ తరువాత స్పానరు పట్టుకుంటాడు. అక్షరానికి, స్పానరుకు ఉన్న మర్యాద బండికి ఎందుకు ఉండకూడదు?

అయితే ఆ సాధన ఎట్లా ఉండాలి? మాకు తోచిన క్రమాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాము. మొదట బండిని కదపకుండా స్టాండు మీదనే కూర్చుండి హారను, ఇండికేటరు, లైటు మీటలను కంటితో చూడకుండా వ్రేళ్ళతో గుర్తుపట్టాలి. తరువాత జన సంచారం లేని మైదానంలో నడక వేగంతో క్లచ్ ఎక్కడ పట్టుకుంటున్నదో చేతికి తెలిసే వరకు కదలడం, ఆగడం చేయాలి. మూడవది బ్రేకు. సున్నపు గీత ఒకటి గీసి, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఆ గీత వద్ద ఆగాలి. అది కుదిరిన తరువాత 30, ఆపైన 40. ముందు బ్రేకు వేస్తే బోల్తా పడతామని మనలో చాలామందికి ఒక అపోహ ఉన్నది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. కనుక బండిని ఆపే శక్తిలో అధిక భాగం ముందు బ్రేకుదే. హఠాత్తుగా గుంజక, క్రమంగా బిగిస్తూ రెండు బ్రేకులను కలిపి వాడడం అభ్యాసం వలననే వస్తుంది. బ్రేకు వేసేటప్పుడు హ్యాండిలు చక్కగా ఉండాలి, మలుపులో బ్రేకు అక్కర లేకుండా ముందే వేగం తగ్గించాలి, పోవలసిన వైపుకు చూపు ఉండాలి. గుంతను చూస్తూ పోతే బండి గుంతలోకే పోతుంది. ఇవన్నీ కుదిరిన తరువాత వాన రోడ్డు, ఆ తరువాత రాత్రి, అన్నింటికంటె చివర వెనుక మనిషి. ఒంటరిగా కనీసం వెయ్యి కిలోమీటర్లు నడిపే వరకు ఎవరినీ వెనుక ఎక్కించుకొనరాదని మేము గట్టిగా చెబుతున్నాము. వెనుక మనిషి కూర్చున్న బండి మరొక కొత్త బండితో సమానం. దాని బ్రేకు వేరు, మలుపు వేరు, తూకం వేరు.

బండిలో వచ్చిన కొత్త సౌకర్యాలు ఈ సాధనకు బదులు కావు. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీకి మించిన ప్రతి కొత్త బండికి చక్రం బిగుసుకొనిపోకుండా కాపాడే ఏబీఎస్ బ్రేకు, అంతకు తక్కువ వాటికి రెండు చక్రాలకు కలిపి పనిచేసే బ్రేకు తప్పనిసరి అయినవి. ఇది హర్షించదగినదే. కాని కంకర మీద, ఇసుక మీద ఏ బ్రేకు అయినా రోడ్డు ఇచ్చినంత పట్టునే ఇవ్వగలదు. మన జిల్లా దారులలో ఆ పట్టు ఎంతో అందరికీ తెలుసు. నల్లరేగడి పొలాల నుండి వచ్చే ట్రాక్టరు చక్రాలు రోడ్డు మీద బురద విడిచిపోతాయి. ఒక్క జల్లు పడితే అది సబ్బువలె జారుతుంది. పంట కాలంలో రోడ్డు మీదనే జొన్నలు, కందులు ఆరబోస్తారు. సున్నం కొట్టని స్పీడు బ్రేకర్లు, వెనుక దీపం లేని బండ్లు రాత్రివేళ దగ్గరకు వచ్చే వరకు కనబడవు. వీటన్నింటికి తోడు శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన పట్టణం పక్కగానే పోతున్నది. అక్కడ చుట్టు తిరగడానికి బద్ధకించి ఎదురుదారిలో వచ్చేవారికి కొదువ లేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు వద్ద ఆ రహదారిపై పడి ఉన్న మోటారు సైకిలును బస్సు ఈడ్చుకొనిపోగా చెలరేగిన మంటలలో పలువురు ప్రయాణికులు దుర్మరణం చెందిన సంగతి మన జిల్లా మరువజాలనిది. కారణాలు ఏవైనా, ఒక బండి రోడ్డు మీద పడితే దాని ఫలితం ఆ ఒక్కరితో ఆగదని ఆ దుర్ఘటన చాటుతున్నది.

దేశం మొత్తం లెక్క ఇంతకంటె కలవరపరచేది. కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోయినవారు. అనగా ప్రతి వందమంది మృతులలో 44 మందికి పైగా వీరే. అదే సంవత్సరం హెల్మెట్ ధరించక మరణించినవారు 50 వేలకు పైగా ఉన్నారు. వారిలో 14 వేలకు మించినవారు వెనుక కూర్చున్నవారు. నడిపే తప్పు కాని, ఒప్పు కాని వారి చేతిలో లేదు. నడిపేవానిని నమ్మి కూర్చున్నారు. అంతే.

చట్టం కూడ ఈ మచ్చిక కాలాన్ని కొంతవరకు గుర్తించినది. లెర్నర్స్ లైసెన్సు పొందిన వెంటనే పరీక్షకు పోవడానికి వీలులేదు. కనీసం 30 రోజులు వేచి ఉండాలి. ఆ లైసెన్సు గడువు ఆరు నెలలు. ఆ వ్యవధి అభ్యాసానికి ఉద్దేశించినది. మనలో చాలామంది దానిని కార్యాలయపు గడువుగా భావించి, ఎర్రటి ‘ఎల్’ అక్షరం బండికి అంటించుకొనడాన్ని అవమానంగా తలుస్తున్నారు. విద్యార్థి అని చెప్పుకొనడానికి సిగ్గుపడని మనం, బండి విషయంలో విద్యార్థినని చెప్పుకొనడానికి సిగ్గుపడడం ఎందుకో మాకు అర్థం కాదు. ఇక ఇంటర్మీడియట్ విద్యార్థుల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏండ్లు నిండనిదే మోటారు సైకిలు నడపరాదు. 16 ఏండ్లు నిండినవారికి 50 సీసీకి మించని బండికి మాత్రమే అనుమతి. నేడు అంగళ్ళలో దొరికే మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ దానికి మించినవే. 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు నేరానికి తండ్రిదండ్రులు లేక బండి యజమాని 25,000 రూపాయల జరిమానాకు, మూడేండ్ల వరకు జైలుశిక్షకు పాత్రులవుతారు; ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండే వరకు లైసెన్సు దొరకదు. పదవ తరగతి ఉత్తీర్ణుడైనందుకు బహుమానంగా బండి కొనిచ్చే తండ్రులు ఈ సంగతిని ఆలోచించాలి.

మన ఆడపిల్లల క్షేమం కోసం ఒక మాట ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. బండి వెనుక చక్రాన్ని కనీసం సగం వరకు కప్పే రక్షణ తడిక ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నియమాలు చెబుతున్నవి. దీనినే శారీ గార్డు అంటున్నాము. కొత్త బండి అందం చెడిపోతుందని దానిని పీకి మూల పారవేసే యువకులు ఉన్నారు. ఆ బండి మీద తల్లిగాని, చెల్లెలుగాని కూర్చున్నప్పుడు చున్నీ చెంగు, బుర్ఖా అంచు చక్రపు చువ్వలలో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. అందం కోసం తీసివేసినది ఇంటి ఆడవారి రక్షణ అని తెలుసుకోవాలి.

ఇన్ని ఆపదలు ఉన్నప్పుడు కళాశాలలోనికి మోటారు సైకిళ్ళనే నిషేధించవచ్చు కదా అని కొందరు పెద్దలు అంటారు. వారి ఆదుర్దాను మేము గౌరవిస్తున్నాము. కాని వారి సలహాతో ఏకీభవించలేము. గేటు వద్ద నిషేధించిన బండి గేటు బయట చెట్టు కింద నిలుస్తుంది. అంతకంటె ముఖ్యంగా, మన విద్యార్థులలో అధికులు సామాన్య కుటుంబాలవారు. నెలనెలా వాయిదాలు కట్టే ఆ బండి మీదనే తెల్లవారుజామున పాలు పోసి, పగలు చదువుకొని, సాయంకాలం ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసి ఫీజు కట్టుకొనేవారు ఉన్నారు. చెల్లెలిని బండి మీద కళాశాలకు తీసుకొనిరావడానికి అన్న ఉన్నందువల్లనే చదువు మానకుండా ఉన్న బాలికలు ఉన్నారు. అటువంటి ఇంటిలో ఆ బండి పడితే కాలు విరిగేది ఒక్కనిదే అయినా, కుంటుపడేది ఇంటిల్లిపాదీ. నిషేధం ఆ ఇంటికి అన్నం పెట్టదు. శిక్షణ ఆ ఇంటిని నిలుపుతుంది.

మరికొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మాట అంటారు: “మా కాలంలో ఎవరు నేర్పారు? పడి లేచి నేర్చుకొన్నాము.” పడి లేచినవారే ఈ మాట చెప్పగలరు, పడి లేవనివారు చెప్పడానికి మన మధ్య లేరు. పైగా ఆ కాలపు రోడ్డు మీద ఇన్ని వాహనాలు లేవు, ఇంత వేగం లేదు. సైకిలు మీద పడితే మోకాలు చెక్కుకుపోతుంది. 60 కిలోమీటర్ల వేగంతో పడినవానికి రెండవ పాఠం దొరకుతుందన్న భరోసా లేదు.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు కొన్ని మనవులు. వీటిలో ఏదీ పెద్ద వ్యయంతో కూడినది కాదు. ఆదివారం ఉదయం ఆటస్థలాన్ని రెండు గంటలపాటు అభ్యాసానికి కేటాయించాలి. సున్నపు గీతలు, నాలుగు ఖాళీ డబ్బాలు, అనుభవం గల ఒకరిద్దరు సీనియర్లు, వ్యాయామ ఉపాధ్యాయుల పర్యవేక్షణ ఉంటే చాలును. వీలైతే షెడ్డు నడిపే ఒక ఉస్తాద్‌ను సంవత్సరానికి రెండుసార్లు ఆహ్వానించి చైను బిగువు, టైరు గాలి, బ్రేకు సవరణ చూపించాలి. రెండవది, హెల్మెట్లు పెట్టుకొనడానికి తాళంతో కూడిన అరలు ఏర్పాటు చేయాలి. తరగతిలో పెట్టుకొనే చోటు లేక, బండి మీద వదలితే పోతుందన్న భయంతో హెల్మెట్‌ను ఇంటిలోనే విడిచి వస్తున్నామని మిత్రులు చెబుతున్నారు. ఆ సాకు లేకుండా చేయడం మన చేతిలో ఉన్నది. ఆ హెల్మెట్ మీద ఐఎస్ఐ ముద్ర ఉండాలి; 2021 జూన్ నుండి ముద్ర లేని హెల్మెట్ తయారీ, అమ్మకం చట్టవిరుద్ధం. మూడవది, బండి నిలిపే అనుమతి చీటీ ఇచ్చేటప్పుడే లైసెన్సు చూడాలి. లెర్నర్స్ లైసెన్సు గలవారు వెనుక సహాధ్యాయులను ఎక్కించుకొని లోనికి రాకుండా చూడాలి. నాలుగవది, తండ్రిదండ్రుల సమావేశంలో మార్కులతో పాటు ఈ విషయాన్ని కూడ చర్చించి, ఆ నాలుగు మాటలు ఉర్దూలోను, తెలుగులోను అచ్చువేసి పంచాలి. భాష తెలియక ఏ తల్లీ ఈ సంగతికి దూరం కారాదు.

విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఇంకా చిన్నది. కొత్త బండి వచ్చిన ఇంటిలో మొదటి మూడు నెలలు మనకు మనమే ఒక నియమం పెట్టుకుందాము. ఆ మూడు నెలలు పందెం లేదు, సెల్‌ఫోను లేదు, వెనుక మిత్రుడు లేడు. రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలన్న ఆత్రం, సంక్రాంతి ముందురోజు ఊరు చేరాలన్న ఆత్రం సహజమే. కాని ఖర్జూరం పళ్ళెం ముందు కూర్చున్న తల్లి అయినా, పిండివంటలు సిద్ధం చేసిన తల్లి అయినా బిడ్డ పది నిమిషాలు ఆలస్యమైతే ఓర్చుకుంటుంది. రాకపోతే ఓర్చుకోలేదు. ఉర్దూలో సబ్ర్ అన్నా, తెలుగులో ఓర్పు అన్నా అది వేదికల మీద ప్రసంగించడానికి మాత్రమే పనికివచ్చే గుణం కాదు. యాక్సిలరేటరు మీద ఉన్న కుడిచేతి మణికట్టులో కూడ దానికి స్థానం ఉన్నది.

బండి మనకు లొంగడానికి ముందు మనం దాని స్వభావానికి కొంత లొంగవలసి ఉంటుంది. ఇంజను పుస్తకం వెయ్యి కిలోమీటర్ల ఓర్పు కోరుతున్నది. ఆ వెయ్యి కిలోమీటర్లలోనే మన చేతులకు కూడ పాఠం పూర్తయ్యేటట్లు చూచుకొంటే, మొదటి సర్వీసు నాటికి బండితో పాటు మనిషి కూడ రోడ్డుకు సిద్ధమవుతాడు. రాబోయే విద్యా సంవత్సరం ప్రవేశాలు ముగిసేలోగానే ఆటస్థలంలో మొదటి సున్నపు గీత పడాలని కోరుతూ, ఈ అభిప్రాయాన్ని కమిటీ పెద్దల పరిశీలనకు, మిత్రుల చర్చకు అర్పిస్తున్నాము.